కళ్ళు మూసుకున్న ముఖం

శ్రోతలకు నమస్కారం. ముందు ఒక బొమ్మ గురించి చెబుతాను, ఊహించుకుంటూ వినండి. కింద నీళ్ళలాంటి నిశ్చలమైన పరపు. దానిపైన భుజాల వరకు ఒక మనిషి. తల కాస్త పక్కకు వాలింది, కళ్ళు మూసి ఉన్నాయి. ఆడమనిషో మగమనిషో గట్టిగా చెప్పలేం. రంగు చాలా పలచగా పూశారు. అంతే, బొమ్మలో ఇంకేమీ లేదు. కానీ ఆ మూసిన రెప్పల వెనక ఏముందో అన్న ఆలోచన మనల్ని వదలదు. ఫ్రెంచి చిత్రకారుడు ఒడిలోన్ రెదోన్ 1890లో వేసిన ఈ చిత్రం పేరు ‘మూసిన కళ్ళు’.

అంతకు ముందు ఇంప్రెషనిస్టులు పారిస్‌లో బొమ్మ వేసే పద్ధతినే మార్చేశారు. నీటిమీద ఎండ, రైల్వే స్టేషన్లో ఆవిరి, ఆ క్షణంలో కంటికి ఏది తోస్తే అది వేశారు. గొప్ప పనే. మరి కలలు, భయాలు, చావు గురించిన ఆలోచనలు? వాటికి ఎండా నీడా ఉండవు కదా, వాటిని ఎలా వేయాలి? సింబలిస్టులు, అంటే ప్రతీకవాదులు, పట్టుకున్న ప్రశ్న ఇదే.

ఈ ఉద్యమానికి పేరు కవిత్వం నుంచి వచ్చింది. 1886 సెప్టెంబరులో జాన్ మొరెయాస్ అనే కవి ‘ఫిగారో’ పత్రికలో సింబలిజం ఆశయాలను చెప్పే ప్రకటన అచ్చు వేయించాడు. చిత్రకారులకు బోదిలేర్ కవితలు, ఎడ్గార్ ఎలన్ పో కథలు అప్పటికే బాగా తెలుసు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పావురం అంటే శాంతి అన్నట్టు, ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం రాసిపెట్టుకోవడం వీళ్ళ ఉద్దేశం కాదు. బొమ్మ ఒక భావాన్ని మనలో లేపాలి, దాని అర్థం మాత్రం పూర్తిగా చేతికి చిక్కకూడదు.

వీళ్ళకు దారి చూపిన పెద్దవాడు గుస్తావ్ మొరో. 1876లో ఆయన ప్రదర్శించిన ఒక నీటిరంగుల చిత్రంలో, బైబిల్ కథలోని రాజకుమారి సలోమే నాట్యమాడుతుంటే, ఆమె ఎదుట బాప్తిస్మమిచ్చే యోహాను తెగిన తల గాలిలో వెలుగుతూ నిలబడుతుంది. చివరి రోజుల్లో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో, తర్వాత పేరుపొందిన చిత్రకారులు మతీస్, రువో ఉన్నారు.

నాకు మాత్రం వీళ్ళందరిలో రెదోన్ అంటేనే ఎక్కువ ఇష్టం. పుట్టింది 1840లో, బోర్డో నగరంలో. చిన్నతనం చాలావరకు ఊరికి దూరంగా, ద్రాక్షతోటల మధ్య ఒంటరిగా గడిచింది. తర్వాత క్లవో అనే వృక్షశాస్త్రవేత్తతో స్నేహం కుదిరింది. మైక్రోస్కోపులో మాత్రమే కనిపించే జీవుల లోకాన్ని రెదోన్‌కు పరిచయం చేసింది ఆయనే. ఆ ప్రభావం బొమ్మల్లో కనిపిస్తుంది. చాలా ఏళ్ళపాటు రెదోన్ బొగ్గుతోనూ, రాతి అచ్చుతోనూ నలుపులోనే పనిచేశాడు. 1882 నాటి ఒక అచ్చుబొమ్మలో పెద్ద కన్ను బెలూన్‌లా ఆకాశంలోకి లేస్తుంది. ఇంకో బొమ్మలో సాలీడు నవ్వుతుంది. వింతగా ఉన్నా వాటిని నమ్మేస్తాం, ఎందుకంటే ఆకునీ పురుగునీ అంత శ్రద్ధగా చూసిన చెయ్యి గీసింది వాటిని. కంటికి కనిపించేదాన్ని ఓపికగా చదివాడు కాబట్టే కనిపించనిదాన్ని గీయగలిగాడని నేను అనుకుంటాను.

‘మూసిన కళ్ళు’ వేసిన కాలం నుంచి ఆయన బొమ్మల్లోకి రంగులు వచ్చాయి. పాస్టెల్‌తో, అంటే రంగు సుద్దలతో, వేసిన పూలు, బుద్ధుడి చిత్రాలు ఆ తర్వాతవే. నార్వేలో మూంక్, వియన్నాలో క్లిమ్ట్ అనే చిత్రకారులూ ఈ ప్రతీకవాదపు గాలి పీల్చినవాళ్ళే. 1920ల్లో కలలను బొమ్మలు కట్టిన సర్రియలిస్టులకూ ఇక్కడి నుంచే దారి దొరికింది.

1904లో ఫ్రెంచి ప్రభుత్వం ‘మూసిన కళ్ళు’ కొన్నది. అప్పటికి రెదోన్‌కు 64 ఏళ్ళు. ఇప్పుడా చిత్రం పారిస్‌లోని ఓర్సే మ్యూజియానిది. నమస్కారం.