ఆరు స్తంభాలు, నాలుగు రోజుల పండగ

శ్రోతలందరికీ నమస్కారం.

మా పెరట్లో ఆరు ఇనప స్తంభాలున్నాయి. ఇవాళ ఆ ఆరు స్తంభాల గురించే మాట్లాడతాను. స్తంభాల గురించి ఏముందండీ మాట్లాడ్డానికి అంటారా? ఉంది. సంక్రాంతి సెలవుల్లో ఇంటి పని పెట్టుకునేవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. నేనూ పెట్టుకున్నాను. ఒక ఏడు కాదు, వరసగా రెండేళ్ళు.

మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఉద్యోగం విజయవాడలో. ఊళ్ళో అమ్మ ఉంది, అమ్మకి ఒక గేదె ఉంది. ఆ గేదెకి పెరట్లో తాటాకు పాక ఉండేది. వానలకి ఒక పక్క ఒరిగింది, మరుసటి ఏడు పూర్తిగా కూలిపోయింది. దాని స్థానంలో రేకుల షెడ్డు వెయ్యాలని అమ్మ కోరిక. నాకు వరసగా సెలవు దొరికేది సంక్రాంతికే. సరే, సంక్రాంతికి వేసేద్దాం అనుకున్నాను.

కానీ సంక్రాంతి సెలవులు నావి కావు కదండీ. భోగి తెల్లవారుజాము మంటది. భోగి సాయంత్రం భోగిపళ్ళది. మర్నాడు పొద్దున్న పెద్దలకి బట్టలు పెట్టుకోవాలి. మా పెదనాన్నగారింటికి కొత్త అల్లుడొస్తాడు, ఆ విందుకి వెళ్ళాలి. కనుమ నాడు మినపగారెలు, మధ్యాహ్నం నుంచి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంటే వెదురుతో కట్టి దేవుణ్ణి నిలిపిన ప్రభల్ని ఊళ్ళవాళ్ళు మోసుకొచ్చే జాతర. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మనం మాత్రం సిమెంటు బస్తా కోసం అమలాపురం కదులుతామా?

నేను కదిలాను. అది 2023. ఆ ఏడు భోగి జనవరి 14న వచ్చింది. 12వ తేదీన గుంటలు తవ్వించి, స్తంభాలు నిలబెట్టి, కాంక్రీటు పోయించాను. 13న మేస్త్రి గారు గమేళా కడిగి పక్కన పెట్టేశారు. "పండగ నాలుగ్రోజులూ మావోళ్ళెవరూ రారండి. పండగెళ్ళాక చూద్దారండి" అన్నారు. ఆయన మాట న్యాయమైనదే. ఆయనకీ ఇల్లుంది, పండగుంది. నాకే తొందర. ఎలాగైనా సెలవులు అయ్యేలోపు పైకప్పు పడాలని, రేకుల కోసం ఒకసారి, మరల కోసం ఒకసారి, వెల్డింగు కుర్రాణ్ణి బతిమాలడానికి ఒకసారి, ఊరికీ టౌనుకీ మధ్య తిరిగాను.

మా పాపకి అప్పుడు మూడేళ్ళు. భోగి సాయంత్రం పీట మీద కూర్చోబెట్టి, రేగుపళ్ళూ చెరుకు ముక్కలూ పూలరేకులూ చిల్లర డబ్బులూ కలిపి తల మీంచి పోస్తారు కదా. మా ఇంట్లో అయిదేళ్ళు నిండేవరకే పోస్తాం. అంటే ఒక బిడ్డకి అయిదు భోగులు. అందులో ఒక భోగికి నేను లేను. దుకాణంలో మరలు లెక్కపెట్టించుకుంటున్నాను. ఇంటికొచ్చేసరికి పాప నిద్రపోయింది, జుట్టులో ఒక బంతిరేకు ఉండిపోయింది. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

కనుమ నాడూ అంతే. జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ ప్రభలొస్తాయి, ఏకాదశ రుద్రులంటాం. గంగలకుర్రు ప్రభలు భుజాల మీద పొలాలు దాటి, కౌశిక కాలువలో నడుంలోతు నీళ్ళల్లోకి దిగి వస్తుంటే గట్టు మీద నిలబడి చూడాలి. నేను చూడలేదు. అదే నెల 26న ఢిల్లీలో గణతంత్ర కవాతుకి మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థమే వెళ్ళింది. మా ఊరికి కూతవేటు దూరంలో జరిగే తీర్థాన్ని ఆ ఏడు నేను విజయవాడలో టీవీ ముందు కూర్చుని చూశాను.

ఇంత తిరిగినా షెడ్డు లేచిందా అంటే, లేవలేదు. పండగెళ్ళాక అడ్డ గొట్టాలు వెల్డింగు చెయ్యబోతే రెండు స్తంభాలు కదిలిపోతున్న పన్నులా ఊగాయి. వాటి మొదలు దగ్గర కాంక్రీటు గోటితో గీకితే పొడి రాలింది. ఏం జరిగిందంటే, పండగ సందడిలో వాటికి ఎవరూ నీళ్ళు పెట్టలేదు. నాతో సహా.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి, ఇవాళ్టి మాటల్లో ముఖ్యమైంది ఇదే. సిమెంటు ఎండి గట్టిపడదండీ. సిమెంటు నీళ్ళు తాగి గట్టిపడుతుంది. మనం బట్టలు ఆరేసినట్టు, వడియాలు ఎండబెట్టినట్టు అనుకుంటాం. కాదు. సిమెంటుకీ నీటికీ మధ్య రసాయన చర్య జరుగుతుంది. ఆ చర్య నడిచినన్నాళ్ళూ తడి కావాలి. తడి ఆరితే చర్య ఆగిపోతుంది, గట్టితనం అక్కడితో నిలిచిపోతుంది. మామూలు ఓపీసీ సిమెంటుకి కనీసం ఏడు రోజులు తడి ఉండాలి. ఇప్పుడు మనకి ఎక్కువగా దొరికే పీపీసీ, అంటే బూడిద కలిసిన సిమెంటు, నెమ్మదిగా గట్టిపడుతుంది, దానికి పది రోజులు. ఏది కొన్నారో బస్తా మీద అచ్చు వేసే ఉంటుంది. పూర్తి బలం లెక్క చూసేది 28వ రోజున.

ఆఫ్టరాల్ గేదెల షెడ్డు, రేకుల బరువెంత, స్తంభానికి అంత పునాది ఎందుకు అని నన్ను చాలామంది అడిగారు. రేకుల షెడ్డుకి భయం బరువు వల్ల కాదు, గాలి వల్ల. మా రేకులన్నీ కలిపి నూటయాభై కిలోలకి మించవు. గాలి కిందనుంచి దూరి పైకి ఎత్తుతుంది. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమ వాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. కొబ్బరి తోటలే నేలకి ఒరిగిన రాత్రి అది, రేకులు ఒక లెక్కా? అందుకే కింద గుంటలో పోసే కాంక్రీటు షెడ్డుని మొయ్యడానికి కాదు, షెడ్డు ఎగిరిపోకుండా పట్టుకోవడానికి. అడుగున్నర చదరం, రెండున్నర అడుగుల లోతు గుంట నిండితే దాదాపు 380 కిలోల ముద్ద. అలాంటివి ఆరు. ఆ ముద్ద స్తంభాన్ని గట్టిగా పట్టుకోవాలంటే దానికి తడి కావాలి. రోజులు కావాలి.

రోజులు కావాలి! ఈ మాట బుర్రకెక్కాక, 2024కి లెక్క తిరగేశాను. ఆ ఏడు భోగి 14, సంక్రాంతి 15, కనుమ 16, ముక్కనుమ 17. పని చెయ్యడానికి ఆ నాలుగు రోజులూ పనికిరావు. కానీ కాంక్రీటు నానడానికి అంతకంటే మంచి రోజులేవీ? 17 నుంచి పది రోజులు వెనక్కి వెళితే 7వ తేదీ, ఆదివారం. శనివారం రాత్రి బస్సెక్కి ఊరికొచ్చాను. మేస్త్రి గారికి వారం ముందే చెప్పి ఉంచాను. ఆదివారం సాయంత్రానికి మళ్ళీ ఆరు గుంటలు, ఆరు బస్తాల సిమెంటు, ఒకటికి రెండు ఇసక, నాలుగు కంకర. స్తంభాలు తూకం చూసి నిలబెట్టి, కదలకుండా వెదుళ్ళు ఊతం కట్టారు. ఆ రాత్రే నేను విజయవాడ వెళ్ళిపోయాను.

మర్నాటి నుంచి పని అమ్మది. ఒక్కో స్తంభం మొదట్లో చిన్న మట్టికట్ట, చుట్టూ తడిపిన గోనెసంచి. పొద్దున్నా సాయంత్రం నీళ్ళు. 12వ తేదీ రాత్రి మేం వచ్చాక ఆ పని మా పాప లాక్కుంది. నాలుగేళ్ళ పిల్ల, చేతిలో చిన్న చెంబు. "నానమ్మా, ఒకటో వాడికి అయిపోయింది, రెండో వాడికి పొయ్యనా?" అంటూ ఆరుగురి దగ్గరికీ వెళ్ళేది. ఆరు దాకా అంకెలు దానికి బాగా వచ్చింది అక్కడే. చుట్టాలు దిగుతున్న కొద్దీ నీళ్ళు పోసేవాళ్ళూ పెరిగారు. పెదనాన్నగారి కొత్త అల్లుడు మా ఇంటికి వచ్చినప్పుడు తను కూడా చెంబు అందుకుంటే, పెద్దమ్మ "అయ్యో బాబూ, మీరు పొయ్యకూడదు" అని కంగారు పడింది. ఆయన నవ్వి అయిదో వాడికి పోశాడు.

భోగి పొద్దున్న అమ్మ స్తంభాల మధ్య ముగ్గేసి గొబ్బెమ్మలు పెట్టింది. సాయంత్రం పాపకి భోగిపళ్ళు పోశాం. మూడుసార్లు దిష్టి తీసి మొదటి గుప్పెడు నేనే పోశాను. ఆ పూట నా జేబులో మరల చీటీ లేదు.

అన్నీ కలిసొచ్చాయని చెప్పను. కనుమ పశువుల పండగ. గేదె కనుమ నాటికి కొత్త నీడలో ఉండాలని అమ్మ పట్టు. "ఒరే, ఆ ఒక్కరోజుకైనా నాలుగు రేకులు పైన పడెయ్యరా" అంది. నేను వద్దన్నాను. అమ్మ మొహం చిన్నబోయింది. ఈ మాట పక్కింటి బాబాయి విన్నాడు. ఏటా వెదురు చీల్చి మా ఊరి ప్రభ కట్టే చేతులు ఆయనవి. "దానికంత ఆలోచనెందుకురా అబ్బాయ్" అని, ప్రభకి కట్టగా మిగిలిన వెదుళ్ళు నాలుగు తెచ్చి, స్తంభాలకి దూరంగా మామిడిచెట్టు పక్కన పాతి, పచ్చి కొబ్బరాకు కప్పి గంటలో పందిరి వేసేశాడు. కనుమ పొద్దున్న గేదెకి స్నానం చేయించి, కొమ్ములకి రంగేసి, బంతిదండ కట్టి ఆ పందిట్లో నిలబెట్టాం. మధ్యాహ్నం అందరం జగ్గన్నతోట వెళ్ళాం. పాప నా మెడ మీద కూర్చుని, ప్రభ కౌశికలో దిగుతుంటే నా జుట్టు రెండు చేతులా పట్టుకుంది.

18న మేస్త్రి గారూ వెల్డింగు కుర్రాడూ వచ్చారు. మేస్త్రి గారు ముందు ఒక్కో స్తంభాన్నీ భుజంతో నెట్టి చూశారు. ఒక్కటీ కదల్లేదు. అడ్డ గొట్టాలు, వాటి మీద రేకులు, నీరు పెరటి వైపు జారేలా వాలు. మర రేకు పల్లంలో కాకుండా గుబ్బ మీద, రబ్బరు వాషరుతో పడాలి, లేదంటే అక్కణ్ణించే కారుతుంది. సాయంత్రం అయిదింటికి అయిపోయింది.

ఈసారి మీ పెరట్లో పని ఉంటే క్యాలెండరు దింపి ముక్కనుమ ఎప్పుడో చూడండి. అక్కణ్నుంచి పది రోజులు వెనక్కి లెక్కపెట్టండి. ఆ రోజుకి గుంటలు నిండాలి. ఆ తర్వాత మీకు చెంబెడు నీళ్ళ పనే.

గేదె సంగతంటారా, కొత్త రేకుల కిందికి రానని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అమ్మ లోపల నిలబడి బెల్లం ముక్క చూపిస్తే, పాప వెనకనుంచి "రా, ఆరో వాడి దగ్గరికి రా" అని పిలుస్తుంటే, చీకటి పడ్డాక మెల్లిగా లోపలికొచ్చి పడుకుంది.

నమస్కారం.