కరం అంటే చెయ్యేనా?

[తెర మీద: కరచాలనం, సహస్రకరుడు, రత్నాకరం, కరమొప్పె]

ఈ నాలుగింటిలోనూ ‘కరం’ కనిపిస్తోంది. చెయ్యి అనే అర్థం మాత్రం మొదటిదానికే. రెండోదానిలో కరం కిరణం, నాలుగోదానిలో ‘మిక్కిలి’. మూడోదానిలో అసలు కరమే లేదు.

తెలియని మాట వస్తే నిఘంటువు తీస్తాం. ‘కరం’ తెలిసిన మాటే కదా అని ఆగకుండా సాగిపోతాం. పద్యం అర్థం అక్కడే చేజారుతుంది.

చెయ్యి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కరతాళధ్వనులు, కరపత్రం, కరకమలాలు అందరికీ తెలిసినవే. ఏనుగుకు తొండమే చెయ్యి కాబట్టి తొండమూ కరమే. కరం గలది కరి. ‘కరికరము’ అంటే ఏనుగు తొండం. రాజ్యపాలన ప్రస్తావనలో కరం పన్ను అవుతుంది. కప్పం కట్టే సామంతులు కరదులు.

[తెర మీద: దినకరుడు / సహస్రకరుడు]

అసలు చిక్కు ఇక్కడుంది. ఇద్దరూ సూర్యుడే, కానీ ‘కర’ ఒకటి కాదు. సహస్రకరుడు వేయి కిరణాలు గలవాడు, అంటే ‘గలవాడు’ అనే అర్థమిచ్చే బహువ్రీహి సమాసం. దినకరుడు పగటిని చేసేవాడు. ఇక్కడ ‘కర’ అంటే చేసే అని. భాస్కరుడు, శుభకరం, భయంకరం ఈ కోవలోవే. తేల్చుకోవాలంటే మొదటి మాటకు ‘ను’ చేర్చి, చివర ‘చేసేవాడు’ పెట్టి చూడండి. ‘దినమును చేసేవాడు’ పొసగుతుంది. ‘వేయింటిని చేసేవాడు’ పొసగదు, కాబట్టి అక్కడ ‘గలవాడు’.

[తెర మీద: రత్న + ఆకరం]

ఆకరం అంటే గని. రత్నాలకు గని సముద్రం; కమలాకరం తామరకొలను. బహుజనపల్లి సీతారామాచార్యుల నిఘంటువు ‘శబ్దరత్నాకరం’ పేరులో ఉన్నదీ ఈ గనే. అయితే ‘కరం’ ముందు దీర్ఘం కనిపించగానే ఆకరం అనుకోకండి. నిశాకరుడు, ప్రభాకరుడు చూడండి: నిశా, ప్రభా మొదటినుంచీ దీర్ఘాంతాలే, సంధితో వచ్చిన దీర్ఘం కాదు. మొదటి మాట విడిగా ఎలా ముగుస్తుందో చూశాకే పదాన్ని విడదీయాలి.

[తెర మీద: పురము కరమొప్పె]

ఇది తెలుగు కరము. ప్రాచీన కావ్యాల్లో తరచూ తగిలే అవ్యయం, ‘మిక్కిలి’ అని అర్థం. దీనికి బహువచనం లేదు, విభక్తి చేరదు. ‘కరములు’, ‘కరమున’ అని ఉంటే అది ఇది కాదు. ప్రత్యయం లేనప్పుడు కర్తను చూడండి. నగరానికి చేతులుండవు కనుక ‘పురము మిక్కిలి శోభిల్లింది’.

శాసనాల్లో కరం అంకె కూడా. చేతులు రెండు కాబట్టి 2. ‘కర రస వేద శశి’ అని ఉందనుకుందాం. రసాలంటే రుచులు ఆరు, వేదాలు నాలుగు, శశి అంటే చంద్రుడు ఒక్కడే: 2, 6, 4, 1. అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలి, కనుక శక సంవత్సరం 1462. దానికి 78 కలిపితే క్రీ.శ. 1540. వరుసగా 2641 అని చదివితే లెక్క మొత్తం తప్పుతుంది.

ఇన్ని అర్థాల్లో ఏది? భర్తృహరి వ్యాకరణ గ్రంథం ‘వాక్యపదీయం’లో ఇందుకు ఆధారాల పట్టికే ఉంది: సంయోగం (కలిసి ఉండటం), విప్రయోగం (విడిపోవడం), సాహచర్యం (తోడుగా రావడం), విరోధిత (పరస్పర విరోధం), ప్రకరణం (సందర్భం), ఇంకా మరికొన్ని. ప్రకరణానికి సంప్రదాయంలో చెప్పే ఉదాహరణ ‘సైంధవం తెమ్ము’. భోజనవేళ అది ఉప్పు, ప్రయాణవేళ గుర్రం. కరం విషయంలో విరోధిత బాగా పనికొస్తుంది. పక్కన చీకటి ఉంటే కిరణమే. శంఖమో ధనుస్సో ఉంటే చెయ్యి, అది సంయోగం.

[తెర మీద: రాజకరము సోకి కువలయము వికసించెను]

ఈ వాక్యాన్ని ఆ ఆధారాలతో పరీక్షించండి. రాజు అంటే చంద్రుడు కూడా. కువలయం అంటే కలువ, భూమండలం కూడా. చంద్రకిరణం తాకి కలువ విచ్చింది. రాజు చెయ్యి తాకి భూమి కళకళలాడింది. ఇక్కడ ఒక్క అర్థమే ఎంచుకుంటే సగం కవిత్వం పోతుంది. రెండు అర్థాలకూ సరిపడే పొరుగు మాటలను కావాలనే పేర్చడం శ్లేష. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ మొత్తాన్ని ఇలాగే నడిపాడు: ఒకే పద్యంలో ఒకవైపు రామకథ, మరోవైపు భారతకథ. దాన్ని చదివేటప్పుడు పదం విడదీసే పని రెండుసార్లు చెయ్యాలి, కథకోసారి.