పొయ్యి వెనక గోడ

శ్రోతలకు నమస్కారం.

రాత్రి భోజనాలయ్యి, గిన్నెలు కడిగేశాక వంటింట్లో ఇంకో పని మిగులుతుంది. తడిగుడ్డ తీసుకుని పొయ్యి వెనక గోడ తుడవడం. పొద్దున తాలింపులో చిటపటలాడి ఎగిరిన ఆవగింజ ఒకటి అక్కడే అతుక్కుని ఉంటుంది. దాని చుట్టూ పసుపు రంగు నూనె మరక. ఆ గోడకి ఎలాంటి టైల్స్ వేయించుకుంటే ఈ పని తేలికవుతుందో ఈరోజు చెప్పుకుందాం. మేస్త్రులు ఆ భాగాన్ని డాడో అంటారు.

మా ఇల్లు కట్టుకున్నప్పుడు నేను షాపులో చూసి ముచ్చటపడింది తెల్లటి మొజాయిక్. అంగుళం చదరపు ముక్కల్ని జాలీ మీద అతికించి, అడుగు చదరపు షీట్లుగా అమ్ముతారు. చేతిలోకి తీసుకుంటే ఒకే టైల్ లాగా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క షీట్‌లో 144 ముక్కలుంటాయి. మా గట్టు పొడవు పది అడుగులు, పైన అరల దాకా గోడ ఎత్తు రెండు అడుగులు. అంటే ఇరవై చదరపు అడుగుల్లో 2,880 ముక్కలు, వాటి చుట్టూ అన్ని సందులు! మూడు నెలలు తిరక్కుండానే పొయ్యి వెనక సందులన్నీ పసుప్పచ్చగా మారాయి. ముక్కలు మాత్రం తెల్లగానే ఉన్నాయి. పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు రుద్దితే అరచేయంత మేర శుభ్రపడేది.

అప్పుడు నాకు బాగా అర్థమైంది. టైల్‌కి పైన గాజులాంటి పూత ఉంటుంది కాబట్టి నూనె, పసుపు లోపలికి పోవు. మరక పట్టేది సందుకే. సందులో నింపే మామూలు సిమెంట్ గ్రౌట్ నూనెని పీల్చేస్తుంది. అందుకే టైల్ ఎంత అందంగా ఉందన్నదాని కన్నా గోడ మీద ఎన్ని సందులు పడతాయన్నది ముందు చూసుకోండి. అదే ఇరవై చదరపు అడుగుల గోడకి 12 బై 18 అంగుళాల టైల్ అయితే పద్నాలుగు సరిపోతాయి. రెండు అడుగులకి నాలుగు అడుగుల పెద్ద టైల్ అయితే మూడు చాలు.

సందులు తక్కువ కావాలి కదా అని, అసలు సందే లేకుండా ఆనించి పెట్టమని మేస్త్రిని కొందరు బలవంతపెడతారు. అలా చేయించకండి. సందు మరీ సన్నమైతే గ్రౌట్ లోపలికి దిగదు, నీళ్ళూ నూనే మాత్రం దిగుతాయి. టైల్స్ మధ్య సందు సమంగా ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్కలు, అంటే రెండు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టించి, పొయ్యి వెనక వరకైనా ఎపాక్సీ గ్రౌట్, అంటే సిమెంట్ బదులు రెసిన్ జిగురుతో చేసిన గ్రౌట్, వేయించండి. ఖరీదు ఎక్కువే, కానీ అది నూనెని పీల్చదు. త్వరగా గట్టిపడిపోతుంది కాబట్టి టైల్ మీద అంటిన జిగురుని వెంటవెంటనే తుడిచేయాలి. ఆ పని తెలిసిన మేస్త్రినే పెట్టుకోండి. సిమెంట్ గ్రౌట్ ఉన్నవాళ్ళు మరకలు పోవాలని యాసిడ్ పోయకండి, గ్రౌట్‌నే తినేస్తుంది.

మన షాపుల్లో దొరికే టైల్స్ చాలావరకు గుజరాత్‌లోని మోర్బి నుంచి వస్తాయి. వాటిలో సిరామిక్, విట్రిఫైడ్ అని రెండు రకాలు. గోడకి సిరామిక్ చాలు. దాని వెనక మట్టి భాగం నీళ్ళు పీల్చే గుణం కలది. సిమెంట్‌తో అతికించేటట్లయితే ముందు నీళ్ళల్లో నానబెట్టాలి. తొట్టిలో వేయగానే సన్నటి బుడగలు పైకి వస్తాయి, అవి ఆగేదాకా ఉంచాలి. నానబెట్టకపోతే సిమెంట్‌లోని తడినంతా టైలే లాగేసుకుంటుంది, పట్టు కుదరదు. కొన్నాళ్ళకి వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. విట్రిఫైడ్ దీనికి పూర్తిగా వేరు, నీళ్ళు దాదాపు పీల్చదు. దానికి సిమెంట్ పట్టు సరిపోదు, టైల్స్ కోసమే చేసిన జిగురు, టైల్ అడెసివ్ వాడాల్సిందే.

ఇక రంగు సంగతి. షాపులో లైట్ల కింద ప్రతిదీ మెరుస్తుంది. ఒక శాంపిల్ అడిగి ఇంటికి తెచ్చుకోండి. సాయంత్రం మీ ట్యూబ్‌లైట్ వెలుగులో గట్టు మీద నిలబెట్టి చూడండి. మన ఇళ్ళల్లో గట్టుకి నల్ల గ్రానైటే ఎక్కువ. గోడ కూడా ముదురు రంగైతే వంటిల్లు చీకటిగా అనిపిస్తుంది. తర్వాత కాస్త నూనెలో పసుపు, కారం కలిపి ఆ టైల్‌కి రాసి, రాత్రంతా వదిలేసి పొద్దున తుడవండి. రాయిలా గరుకుగా, గాళ్ళు పడి ఉండే టైల్స్ హాల్లో ఎంతో బాగుంటాయి. పొయ్యి వెనక ఆ గాళ్ళల్లో నూనె చేరి, దాని మీద దుమ్ము పడుతుంది. వంటింటికి నా ఓటు నునుపు టైల్‌కే.

మిక్సీ, ఫ్రిజ్, చిమ్నీ పాయింట్లు ఎక్కడో టైల్స్ వేయకముందే తేల్చుకోండి. తర్వాత కోయించాలంటే టైల్ పగిలే ప్రమాదం ఉంది. గట్టూ గోడా కలిసే మూలలో రబ్బరులా సాగే సిలికాన్ పేస్టు కొట్టించండి. అక్కడ సిమెంట్ నింపితే కొన్నాళ్ళకి బీటలిచ్చి నీళ్ళు దిగుతాయి.

కొనేటప్పుడు లెక్క మీద పదో వంతు ఎక్కువ తీసుకోండి. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటేనో కాదో చూడండి. ఒకే డిజైన్ అయినా బ్యాచ్ మారితే రంగు కొంచెం తేడా వస్తుంది. మిగిలిన టైల్స్ ఎవరికీ ఇచ్చేయకుండా, పెట్టె మీది ఆ నంబరు కనబడేలా అటక మీద పెట్టుకోండి.

నమస్కారం.