కంపెనీ పేరు లేని విజిటింగ్ కార్డు

అందరికీ నమస్కారం. ఫైనలియర్ విద్యార్థులతో రెజ్యూమె గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. దాని గురించి మీరు ఇప్పటికే విని విని విసిగిపోయి ఉంటారు. అందుకని జేబులో పట్టే చిన్న అట్టముక్క గురించి మాట్లాడతాను.

2009లో, మాంద్యం రోజుల్లో, అమీర్‌పేటలో కోర్సు చేస్తూ ఉద్యోగం వెతుక్కునేవాణ్ని. రూమ్మేటు సలహా విని వెయ్యి విజిటింగ్ కార్డులు కొట్టించాను. పేరు కింద లావు అక్షరాల్లో 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్'. మొదటిది బంధువుల పెళ్లిలో ఒక పెద్దాయనకిచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, కార్డు అటూ ఇటూ తిప్పి, "కంపెనీ పేరు వెయ్యలేదేం బాబూ?" అన్నారు. నేను నీళ్లు నమిలాను. మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ చాలావరకు సరుకుల చీటీలు రాసుకోవడానికే పనికొచ్చాయి.

కార్డు చేసిన పాపం ఏమీ లేదు. నాకు లేని హోదా వేసుకున్నాను, వచ్చిన పని వేసుకోలేదు. 'జావా, ఎస్‌క్యూఎల్, షాపులకు బిల్లింగ్ ప్రోగ్రాములు' అని ఉంటే ఆ పెద్దాయనకు తెలిసిన దుకాణం ఏదో ఒకటి గుర్తొచ్చేదేమో. బీకామ్ వాళ్లు 'టాలీ, జీఎస్టీ రిటర్నులు' అని వేసుకోవచ్చు. సివిల్ వాళ్లయితే 'ఆటోక్యాడ్, ఎస్టిమేషన్'. పేరు, పని, ఫోన్, మెయిల్ చాలు. ఇంటి అడ్రసు, పుట్టినతేదీ ఎందుకు? ఇది పెళ్లిచూపుల బయోడేటా కాదు కదా!

క్యూఆర్ కోడ్ వేస్తారా, వేయండి. 1994లో జపాన్‌లో డెన్సో ఇంజనీర్లు కారు విడిభాగాల లెక్క కోసం చేసిన ఆ గళ్ల చదరం ఇప్పుడు మన టీకొట్టు గోడ మీదికీ వచ్చేసింది. ఒక్క జాగ్రత్త. కొన్ని ఉచిత సైట్లు ఇచ్చే 'డైనమిక్' కోడ్ వాళ్ల లింకు మీదుగా వెళ్తుంది. ట్రయల్ గడువు అయిపోతే మీ కార్డు మూగబోతుంది. మీ వివరాలు నేరుగా కోడ్‌లోనే ఉండే 'స్టాటిక్' ఎంచుకుని, ప్రెస్సువాళ్లు ఇచ్చిన ప్రూఫును ఏదైనా పాత ఫోనుతో స్కాన్ చేసి చూడండి.

మూడున్నర అంగుళాల పొడుగు, రెండు అంగుళాల వెడల్పు, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) అట్ట అంటే ప్రెస్సులో ఎవరికైనా తెలుస్తుంది. వెనకవైపు మాత్రం లామినేషన్ వద్దనండి. దాని మీద బాల్‌పెన్ జారిపోతుంది. నన్నడిగితే కార్డులో అసలు విలువంతా ఆ ఖాళీ వీపులోనే ఉంది.

ఇప్పుడు నేను బల్లకు అవతలి వైపు, ఉద్యోగాలిచ్చేవాళ్ల వైపు కూర్చుంటున్నాను. ఒక జాబ్ మేళాలో సాయంత్రానికి నా ముందు రెజ్యూమెలు దొంతరగా పేరుకున్నాయి. ఏ కాగితం ఏ మొహానిదో ఒక్కటీ గుర్తులేదు. ఒక అమ్మాయి ఇచ్చిన కార్డు వెనక మాత్రం చేతిరాతతో తేదీ, కింద 'మీ కొత్త గోడౌన్ స్టాకు లెక్కల గురించి మాట్లాడుకున్నాం' అని ఉంది. చదవగానే మనిషి కళ్ల ముందు నిలబడింది. అప్పటికి మా దగ్గర ఖాళీ లేదు. రెండు నెలల తర్వాత ఖాళీ వచ్చింది. బల్ల సొరుగులోంచి ఆ కార్డే తీసి ఫోన్ చేశాను.

ఇక ఎక్కడ ఇవ్వాలంటారా? జాబ్ మేళాల కన్నా నాకు పెళ్లిళ్ల మీదే గురి. "ఏం చేస్తున్నావు బాబూ?" అని మనం అడక్కుండానే అడుగుతారు కదా. కాకపోతే పప్పన్నం కలుపుతున్న చేతికి కార్డు ఇవ్వకండి. చెయ్యి కడుక్కుని, కిళ్లీ నములుతూ తీరిగ్గా నిలబడతారు చూడండి, అప్పుడు. ముందు వాళ్ల నంబరు అడగండి, తర్వాతే మీ కార్డు. వాళ్లు చేస్తారని కూర్చోకుండా వారంలోపు మీరే ఫోన్ చేయండి.

ముందు వంద కొట్టించుకోండి చాలు. నా పాత కార్డులు ఇంకా ఓ పాతిక మిగిలాయి. బయట బల్ల మీద పెట్టాను, ఎలా ఉండకూడదో చూసి వెళ్లండి.