కాలంలో ప్రయాణం, చెవులతో: పిల్లల ఆడియో నవలపై చర్చ

సంధానకర్త: నమస్కారం. పిల్లల కోసం కాలయానం మీద ఒక ఆడియో నవల తయారవుతోంది. దాన్ని రాస్తున్న రచయిత్రి, శబ్దాలు సమకూరుస్తున్న సౌండ్ డిజైనర్, సైన్సు సరిచూస్తున్న ఫిజిక్స్ మాస్టారు మనతో ఉన్నారు. మేడమ్, ముందు కథ చెప్పండి.

రచయిత్రి: పన్నెండేళ్ల అమ్మాయి వాళ్లమ్మతో కలిసి అంతరిక్ష నౌకలో వెళ్తుంది. ఎనిమిదేళ్ల తమ్ముడు నాన్న దగ్గర భూమ్మీదే ఉండిపోతాడు. నౌకలో ఏడాది గడుస్తుంది. తిరిగొచ్చేసరికి తమ్ముడికి పద్దెనిమిదేళ్లు, తనకి పదమూడే. పోయిన ఆ పదేళ్లని వెతుక్కుంటూ వెళ్లడమే కథ.

సంధానకర్త: మాస్టారూ, ఇలా జరగడానికి వీలుందా?

ఫిజిక్స్ మాస్టారు: అలాంటి నౌక ఇంకా లేదు కానీ లెక్క మాత్రం నిజం. కాంతి వేగంలో 99.5 శాతం వేగంతో వెళ్తే, నౌకలో ఒక ఏడాది అంటే ఇక్కడ సుమారు పదేళ్లు. ఐన్‌స్టీన్ 1905 సిద్ధాంతం చెప్పేది ఇదే. 1971లో హాఫెలే, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సీజియం గడియారాల్ని, అంటే చాలా కచ్చితంగా నడిచే పరమాణు గడియారాల్ని, ప్రయాణికుల విమానాల్లో ఎక్కించి భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా వెళ్లినవి నేల మీది గడియారాల కన్నా సగటున 59 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) వెనకబడ్డాయి. పడమరగా వెళ్లినవి 273 నానోసెకన్లు ముందుకెళ్లాయి. అంటే భవిష్యత్తులోకి ప్రయాణం పిల్లలకి కట్టుకథగా చెప్పాల్సిన పని లేదు.

రచయిత్రి: మన భాగవతంలో రైవతుడి కథ ఉంది కదండీ. కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు, కాసేపు ఆగుతాడు. ఈలోగా భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. వరులుగా అనుకున్నవాళ్లెవరూ మిగల్లేదని తెలిసిన ఆ తండ్రి మనసు నాకు చిన్నప్పటి నుంచీ వదల్లేదు. లెక్క కన్నా ముందు పిల్లలకి ఆ బాధ అందాలి.

సౌండ్ డిజైనర్: అది అందాలంటే చెవికి అందాలి. పుస్తకంలో అధ్యాయం పైన ఏ సంవత్సరమో వేస్తే సరిపోతుంది, అనుమానం వస్తే పేజీ వెనక్కి తిప్పి చూసుకుంటారు. ఆడియోలో ఒక సంవత్సరం చదివి వదిలేస్తే రెండు నిమిషాల తర్వాత ఎవరికీ గుర్తుండదు. అందుకే ఏ కాలానికి ఆ కాలపు గది శబ్దం పెడుతున్నాం. నౌకలో ఎప్పుడూ ఒక సన్నటి హోరు ఉంటుంది. ఇల్లు అనగానే ఫ్యాను తిరుగుతుంది, ఫ్రిజ్ మూలుగుతుంది. నాలుగో భాగంలో అమ్మాయి కరెంటు లేని కాలంలోకి వెళ్తుంది. అక్కడ ఆ మూలుగు ఒక్కసారిగా తీసేస్తాం. ఇంతసేపూ అది వింటున్నామని పిల్లలకి అప్పుడే తెలుస్తుంది.

సంధానకర్త: కాలం మారిందని చెప్పడానికి ఏదో మిషన్ గిర్రున తిరిగే చప్పుడు పెడతారనుకున్నాను.

సౌండ్ డిజైనర్: అది వద్దనే నా పట్టుదల. ఇంకో సంగతి చెప్తాను. 1860లో ఫ్రాన్స్‌లో స్కాట్ డి మార్టిన్‌విల్ అనే ఆయన ఒక పాటని మసి పట్టించిన కాగితం మీద గీతలుగా దింపారు. దాన్ని మళ్లీ వినే దారి ఆయనకి లేదు. 2008లో పరిశోధకులు ఆ గీతల్ని శబ్దంగా మార్చారు. మొదట అది ఆడగొంతు అనుకున్నారు. వేగం సరిచేశాక మగగొంతు అని తేలింది, బహుశా ఆయనదే. అంతకు వెనక కాలాల గొంతులు ఎలా ఉండేవో చెప్పే రికార్డింగు ఏదీ మన చేతిలో లేదు. అక్కడ ఊహించాల్సిందే, కానీ ఒళ్లు దగ్గర పెట్టుకుని ఊహించాలి.

సంధానకర్త: పెద్దవాడైన తమ్ముణ్ని విని ఎలా గుర్తుపడతారు?

రచయిత్రి: ముఖం చూపించే వీలు లేదు, అదే మాకు మంచిదైంది. నౌక తలుపు తెరుచుకుంటుంది. బొంగురుగా, తెలియని మగగొంతు ఒకటి ‘అక్కా’ అంటుంది. తనకన్నా అయిదేళ్లు పెద్దవాడు అక్కా అని పిలిస్తే ఆ అమ్మాయి నోట మాట రాదు. అక్కడ కథకురాలి చేత ఒక్క వాక్యం కూడా చెప్పించను.

ఫిజిక్స్ మాస్టారు: మా గొడవంతా ఆ తర్వాతి భాగం మీదే. ఆమె గతంలోకి వెళ్తుందన్నారు. గతంలోకి వెళ్లడానికి ఇంతవరకు ఒక్క ప్రయోగం కూడా దారి చూపలేదు. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 2009లో కాలయాత్రికులకి విందు ఏర్పాటు చేసి, ఆహ్వానం విందు అయ్యాక బయటపెట్టారు. ఒక్కరూ రాలేదు. కథ కాబట్టి వెళ్లనివ్వండి, కానీ ఒక నియమం పెట్టండి అన్నాను: జరిగింది మారదు. ఒకసారి మార్చనిస్తే, తర్వాత ఏ ఆపద వచ్చినా ‘మళ్లీ వెనక్కెళ్లి సరిచేస్తే పోలా?’ అని పిల్లలే అడుగుతారు. ఇక టెన్షన్ ఎక్కడుంటుంది?

రచయిత్రి: ఆ నియమం ఒప్పుకోవడం నాకు చాలా కష్టమైంది. తమ్ముడి పదేళ్లు తిరిగి ఇవ్వలేనప్పుడు ఎందుకు పంపాలి అనిపించింది. చివరికి రెండో భాగంలోనే జవాబు దొరికింది. అక్క వెళ్లిన రాత్రి వాడు ఒంటరిగా ఏడుస్తుంటే ఎవరో తలుపు మూడుసార్లు తడతారు. తీస్తే ఎవరూ ఉండరు. కానీ ఎవరో వచ్చారన్న ధైర్యంతో వాడు నిద్రపోతాడు. ఏడో భాగంలో తెలుస్తుంది, తట్టింది ఆమే అని.

ఫిజిక్స్ మాస్టారు: లోపలికి వెళ్లి మాట్లాడకూడదు. మాట్లాడి ఉంటే పద్దెనిమిదేళ్ల తమ్ముడికి ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి కదా.

సంధానకర్త: ఏడో భాగం విన్నవాళ్లు రెండో భాగానికి వెనక్కి వెళ్లి సరిచూసుకుంటారంటారా?

సౌండ్ డిజైనర్: తప్పకుండా చూస్తారు, పిల్లలు వదలరు. అందుకే తలుపు కొట్టిన చప్పుడు ఒకేసారి, రెండు మైకులతో రికార్డు చేశాం, ఒకటి గది లోపల, ఒకటి బయట. రెండో భాగంలో లోపలిది, ఏడో భాగంలో బయటిది. మూడో తట్టుకి ముందు చిన్న తడబాటు ఉంటుంది, రెండింట్లోనూ అది ఒకే చోట వినిపిస్తుంది.