కలిపి రాసేటప్పుడు చెయ్యి ఎక్కడ తడబడుతుంది?

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం కర్సివ్ గురించి, అంటే ఇంగ్లీష్ కలిపిరాత గురించి మాట్లాడుకుందాం. తమ్ముడు రెండు నెలల నుంచి మళ్ళీ నాలుగు గీతల పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నాడు, ఆ కష్టం ఏంటో వాడి నోటితోనే విందాం.

తమ్ముడు: అక్కా, నాకు అసలు అర్థం కానిది ఒకటే. ఎ నుంచి జెడ్ దాకా విడివిడిగా రాయమంటే చక్కగా రాస్తాను, ముత్యాల్లా వస్తాయి, పదం రాయమంటే మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది. మొన్న ఒకళ్ళకి చీటీలో క్లియర్ అని రాసిస్తే వాళ్ళు డియర్ అని చదివారు. నేను తీసుకుని చూస్తే నాకూ డియర్ లాగానే కనబడింది!

అక్క: సి, ఎల్ దగ్గరదగ్గరగా పడ్డాయన్నమాట. సి మూతి ఎల్ కాడకి తగిలేస్తే ఇంక అది డి నే. విడివిడి అక్షరాలు బాగా వచ్చి పదం చెడిందంటే లోపం అక్షరంలో లేదురా, రెండు అక్షరాల మధ్య ఉన్న ఆ చిన్న గీతలో ఉంది. కాపీ పుస్తకాలన్నీ అక్షరాలు దిద్దిస్తాయి కానీ ఆ మధ్య గీతని ఎవరూ దిద్దించరు, నాకు ఇదే బాధ.

తమ్ముడు: మధ్య గీత అంటే, కింద గీత మీద నుంచి పైకి వెళ్ళేదే కదా?

అక్క: చాలా అక్షరాలకి అంతే. ఎ రాసినా ఎన్ రాసినా పెన్ను కింద గీత దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి ఏటవాలుగా పైకెక్కి తర్వాతి అక్షరం మొదలవుతుంది. కానీ ఒక నాలుగు ఉన్నాయి చూడు, బి, ఓ, వి, డబ్ల్యూ. వీటికి పెన్ను కింద ఆగదు, పైన ఆగుతుంది, నడిమి గీత దగ్గర. అంటే తర్వాతి అక్షరం పైనుంచే మొదలుపెట్టాలి, అది మామూలుగా కింద నుంచి పుట్టాల్సిన అక్షరమైతే దాని ఆకారమే మారిపోతుంది. నువ్వు అబవ్ అని రాసి చూడు, ఎ-బి-ఓ-వి-ఇ.

తమ్ముడు: ఆగు రాస్తున్నా... ఎ నుంచి బి బానే వచ్చింది. బి నుంచి ఓ, ఓ నుంచి వి, వి నుంచి... ఇదిగో, చివర ఇ రాలేదు, సి లాగా అయిపోయింది.

అక్క: నాలుగు కలయికలుంటే మూడు పైనుంచే వెళ్ళేవి, అందుకే ఆ పదం చెయ్యికి బరువు. ఇ కి లోపల సున్నా లాంటి ముడి ఉండాలి కదా, ఆ ముడి పడాలంటే పెన్ను కింద నుంచి పైకి రావాలి. వి దగ్గర పెన్ను ముందే పైనుంది, ఇంక ముడికి చోటేది? అందుకని ఆ కలిపే గీతని తిన్నగా లాగకు, ఉయ్యాల తాడు లాగా బాగా కిందికి వంచి, అప్పుడు పైకి తీసుకొచ్చి ముడి వెయ్యి. చూడు ఇప్పుడు.

తమ్ముడు: అరే వచ్చింది! అంటే బి-ఇ, ఓ-ఇ, డబ్ల్యూ-ఇ అన్నిటికీ ఇదేనా?

అక్క: అన్నిటికీ ఇదే. ఆర్, ఎస్ వస్తే ఇంకొంచెం కష్టం. కర్సివ్‌లో ఆ రెంటికీ కింద నుంచి ఏటవాలుగా ఎక్కి పైన కొన దేలే గీత ఒకటి ఉంటుంది, కంటికి ఆనవాలు అదే. ఓ పక్కన పడితే ఆ ఎక్కే గీత పోతుంది, ఆర్ కి పైన చిన్న భుజం మిగులుతుంది, ఎస్ కి ఒక పొట్ట మిగులుతుంది. బ్రౌజ్ అని రాయి, బి-ఆర్, ఓ-డబ్ల్యూ, డబ్ల్యూ-ఎస్, మూడూ పైవే. నేను ఈ పదం ఒక్కటే పేజీలు పేజీలు రాశాను, నిజంగా చెప్తున్నా, చెయ్యి కుదురుకుందో లేదో ఈ పదం చెప్పేస్తుంది.

తమ్ముడు: నాకు ఇంకో పదం కూడా ఉంది, మినిమమ్. అది రాసి పక్కన పెడితే రంపం పళ్ళలా ఉంటుంది అక్కా.

అక్క: అబ్బ, దాని గురించి ఎంతసేపైనా మాట్లాడతాను నేను! ఆ పదంలో నిలువు కాళ్ళు లెక్కపెట్టు. ఎమ్ కి మూడు, ఐ కి ఒకటి, ఎన్ కి రెండు, ఐ కి ఒకటి, మళ్ళీ ఎమ్ కి మూడు, యు కి రెండు, ఎమ్ కి మూడు, మొత్తం 15. అన్నీ ఒకే ఎత్తు. ఈ పొట్టి కాలుని ఇంగ్లీషులో మినిమ్ అంటారు, ఆ మినిమ్ అనే పదం కూడా మొత్తం ఆ కాళ్ళే, 10 కాళ్ళు. ఇది ఇప్పటి తంటా కాదు, మధ్యయుగంలో యూరప్‌లో చేత్తో పుస్తకాలు రాసేవాళ్ళకి కూడా ఇదే గోల. ఐ మీద చుక్క ఉంది చూశావా, అది అందానికి పెట్టింది కాదు, 11వ శతాబ్దం ప్రాంతంలో ఎమ్, ఎన్, యు ల పక్కన పడ్డ ఐ ని గుర్తుపట్టడానికి పైన సన్నటి గీత గీసేవాళ్ళు, అదే పోనుపోను చుక్కయింది.

తమ్ముడు: అవునా! నేను ఆ చుక్కలే మర్చిపోతుంటాను.

అక్క: మర్చిపోకు, కాళ్ళ గుంపులో దారి చూపించేది అదే. ఇంకోటి విను, లవ్, సన్ అంటాం కదా, కొడుకు అనే అర్థంలో సన్, పలికేది అకారం లాగా ఉంటే మధ్యలో ఓ ఎందుకు రాస్తాం? పాత ఇంగ్లీషులో అవి లుఫు, సును, యు తోనే రాసేవాళ్ళు. ఎన్, ఎమ్, వి లాంటివాటి పక్కన యు పడితే కాళ్ళు కలిసిపోయి చదవడం కష్టమని ఓ రాయడం మొదలెట్టారని భాషా చరిత్ర రాసేవాళ్ళు చాలామంది చెప్తారు. అంటే చేతిరాత ఇబ్బంది స్పెల్లింగునే మార్చింది.

తమ్ముడు: మిగతా భాషలవాళ్ళకి కూడా ఉందా ఈ బాధ?

అక్క: ఎందుకు లేదు, రష్యన్ వాళ్ళకి ఇంకా ఎక్కువ. చిన్చిల్లా అనే జంతువు ఉంది కదా, ఎలుక జాతిది, దాన్ని వాళ్ళు షిన్షిల్లా అంటారు, రష్యన్ కలిపిరాతలో ఆ పదం దాదాపు ఒకే అల లాగా పోతుంది. వాళ్ళ ట కర్సివ్‌లో ఎమ్ లాగా మూడు కాళ్ళతో ఉంటుంది, ష కూడా మూడు కాళ్ళే, అందుకని కొంతమంది ట మీద ఒక అడ్డగీత, ష కింద ఒక అడ్డగీత గీసుకుంటారు. జర్మన్ వాళ్ళకి పాత కలిపిరాత ఉండేది, అందులో యు, ఎన్ ఒకేలా ఉంటాయని యు మీద చిన్న కొక్కెం పెట్టేవాళ్ళు. లుడ్విగ్ జూటర్లిన్ అనే ఆయన 1911లో ఆ రాతని పిల్లల కోసం తేలిక చేశాడు, 1915 నుంచి అప్పటి జర్మనీలో భాగమైన ప్రష్యా బడుల్లో నేర్పారు, అందులో కూడా ఆ కొక్కెం ఉంది. 1941లో దాన్ని ఆపేశారు, అందుకే ఇప్పుడు చాలామంది జర్మన్ వాళ్ళు తాతల ఉత్తరాలు చదవలేరు, నాకు ఇది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

తమ్ముడు: నిజమే అక్కా... సరే, ఎఫ్ సంగతి చెప్పు. కాఫీ రాస్తే రెండు ఎఫ్ లు ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి.

అక్క: ఎఫ్ కి పైనా కిందా రెండు చోట్లా ముడి ఉంటుంది కదా. కింద ముడి ఎటు తిప్పుతున్నావ్?

తమ్ముడు: ఎడమకి, జి లాగా.

అక్క: అదే తప్పు. జి, జె, వై, జెడ్ ఈ నాలుగూ కింద ఎడమకి తిరుగుతాయి. ఎఫ్, క్యూ కుడికి తిరిగి కింద గీత దగ్గర మూసుకుంటాయి. అది మార్చుకో, రెండు ఎఫ్ లు వాటంతటవే సర్దుకుంటాయి. క్యూ కూడా జి లాగా కనబడదు అప్పుడు. జెడ్ లు రెండొచ్చే పదాలకి, పజిల్ లాంటివాటికి, నా దగ్గర చిట్కా ఏమీ లేదు, నెమ్మదిగా రాయడమే.

తమ్ముడు: పెద్ద అక్షరాలు? క్యూ అయితే అచ్చం 2 అంకె లాగా ఉంది మా పుస్తకంలో.

అక్క: ఆ పాత అమెరికన్ పద్ధతుల్లో అలాగే ఉంటుంది. నచ్చకపోతే అచ్చులో ఉన్నట్టు రాసుకో, తప్పేం లేదు. పెద్ద అక్షరాన్ని పక్కదానితో కలపాలనే పట్టుదల కూడా అక్కర్లేదు, చాలా పద్ధతుల్లో పెద్ద టి, పి, డబ్ల్యూ విడిగానే నిలబడతాయి. పదం మధ్యలో పెన్ను ఎత్తితే పాపం అన్నట్టు మనకి చిన్నప్పుడు నేర్పారు కానీ, బ్రిటన్ బడుల్లో నేర్పే కొన్ని పద్ధతుల్లో జి, జె, వై లాంటి వాటి తర్వాత పెన్ను ఎత్తేయమనే చెప్తారు.

తమ్ముడు: మరి చుక్కలు, టి అడ్డగీతలు? పదం మధ్యలోనే పెట్టేయనా?

అక్క: వద్దు, పదం అయ్యాక వెనక్కి రా. ఇనిషియేటివ్ అని రాశావనుకో, నాలుగు చుక్కలు, రెండు అడ్డగీతలు, ఆరుసార్లు మధ్యలో ఆగితే చెయ్యి లయ మొత్తం పోతుంది. లెటర్ లాంటి పదంలో రెండు టి లకీ కలిపి ఒకే గీత చాలు. ఇంకోటి, టి ని ఎల్ అంత పొడుగు లాగకు, లిటిల్ లాంటి పదంలో రెండు ఎల్ లు, రెండు టి లు నాలుగూ ఒకే ఎత్తయితే ఎవరూ చదవలేరు.

తమ్ముడు: వచ్చే వారానికి నాకు పనేంటి మరి?

అక్క: రోజూ పది నిమిషాలు, పదాలు వద్దు, జంటలు రాయి. ఓ-ఇ, ఓ-ఆర్, ఓ-ఎస్, ఒక్కోటి ఒక లైను. అవి కుదిరాక బి తో, తర్వాత వి తో, డబ్ల్యూ తో. శనివారం నాడు అబవ్, బ్రౌజ్, మినిమమ్ ఒక్కోసారి రాసి నాకు ఫోటో పెట్టు, క్లియర్ కూడా రాయి, డియర్ అని చదువుతానేమో చూద్దాం.

తమ్ముడు: పెడతాను. వినేవాళ్ళు కూడా మీ చెయ్యి ఆగిపోయే పదం ఏదో రాసి పంపండి, అక్క చేత దిద్దిద్దాం.