గుండెజబ్బు ముప్పు: ఎవరి లెక్క ఎవరికి?

(తిరుపతిలో ఆరోగ్య కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థులు, పట్టణవాసుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందుగా రెండు అంకెలు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. అందులో మన దక్షిణాసియా వాళ్లను విడదీసి చూస్తే తొలి గుండెపోటు వచ్చిన మధ్యస్థ వయసు 53 ఏళ్లు. మిగతా దేశాల వాళ్లకు దాదాపు 59. కూతురి పెళ్లి, ఇంటి అప్పు, అన్నీ నెత్తిన ఉండే వయసు అది. ఈ మాట చెప్పగానే "మన రక్తమే అంత, ఏం చేస్తాం" అంటారు. అదే అధ్యయనాన్ని ఇంకాస్త చదివితే ఆ మాట నిలవదు. గుండెపోటు ముప్పులో సుమారు 90 శాతానికి లెక్క చెప్పింది తొమ్మిది కారణాలు: పొగాకు, రక్తంలో చెడు కొవ్వు, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరలూ తక్కువ తినడం, కదలకపోవడం, మద్యం తీరు. ఏ దేశంలో చూసినా ఇవే. మనవాళ్లకు ఇవి చిన్న వయసులోనే మొదలవుతున్నాయి, జబ్బు ముందుగా రావడానికి ముఖ్య కారణం అదే.

రక్తం సంగతి తేల్చిన మరో పరిశీలన జపనీయుల మీద జరిగింది. జపాన్‌లోనే ఉన్నవాళ్లు, హవాయికి వలస వెళ్లినవాళ్లు, కాలిఫోర్నియాలో స్థిరపడినవాళ్లు, ఈ ముగ్గురినీ 1960లలో పక్కపక్కన పెట్టి చూశారు. గుండెజబ్బు జపాన్‌లో అతి తక్కువ, హవాయిలో మధ్యస్థం, కాలిఫోర్నియాలో ఎక్కువ. పక్షవాతం మాత్రం హవాయిలో కంటే జపాన్‌లోనే ఎక్కువగా కనిపించింది. ఒకే జాతి మనుషులు, ఊరు మారింది, తిండి మారింది, జబ్బు మారింది.

2014లో వచ్చిన ప్యూర్ అధ్యయనం 17 దేశాలను చూసింది. ముప్పు కారకాల భారం ధనిక దేశాల్లోనే ఎక్కువ. గుండెపోట్లు, పక్షవాతాలు, వాటివల్ల చావులు మాత్రం పేద దేశాల్లో ఎక్కువ. బీపీ ఉన్నట్టు తెలియకపోవడం, తెలిసినా మందు వాడకపోవడం, పోటు వచ్చాక ఆసుపత్రికి ఆలస్యంగా చేరడం, ఈ మూడూ అక్కడ మనుషుల్ని తీసుకుపోతున్నాయి. మన జిల్లాల పరిస్థితికి ఈ ఫలితం ఎక్కువ దగ్గర. అందుకే ఈరోజు మాట్లాడేది సగం ఒంటి గురించి, సగం వైద్యం అందే ఏర్పాటు గురించి.

ఇక ముప్పును లెక్కగట్టే పట్టికలు. వీటికి మూలం 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణంలో మొదలైన అధ్యయనం. గొప్ప పని, సందేహం లేదు. అయితే అందులో ఉన్నది దాదాపు అంతా తెల్లవాళ్లే. 2013 నాటి అమెరికా సూత్రంలో తెల్లవాళ్లకీ నల్లజాతి వాళ్లకీ మాత్రమే లెక్క ఉంది, మనకు గడి లేదు. 2023లో వచ్చిన కొత్త సూత్రం జాతినే తీసేసింది. బ్రిటన్ వాళ్ల క్యూరిస్క్ మాత్రం భారతీయులా, పాకిస్తానీలా, బంగ్లాదేశీలా అని విడివిడిగా అడుగుతుంది. మనకు పనికొచ్చేది 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 21 ప్రాంతాలకు విడివిడిగా వేసిన పట్టికలు. దక్షిణాసియాకు వేరే పట్టిక ఉంది. రక్తపరీక్ష లేని రకం కూడా ఉంది: వయసు, ఆడా మగా, పొగ తాగుతారా, పై బీపీ, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత అన్న లెక్క). ఈ ఐదు తెలిస్తే చాలు, పల్లెలో అరుగు మీద కూర్చుని చూడొచ్చు.

పట్టికలో 10 శాతం అని వస్తే అర్థం ఏమిటి? అలాంటి మనుషులు 100 మంది ఉంటే, వచ్చే పదేళ్లలో వారిలో 10 మందికి గుండెపోటో పక్షవాతమో వస్తుంది. ఆ పదిమందిలో మీరున్నారా లేదా అన్నది ఏ పట్టికా చెప్పదు. 20 శాతం దాటితే ఆగకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.

ఈ పట్టికకు ఒక గుడ్డితనం ఉంది. లెక్కలో అన్నిటికంటే బరువైనది వయసు. కాబట్టి నలభైల్లో ఉన్న మనిషికి ఎన్ని దురలవాట్లున్నా తక్కువ అంకెలే పడతాయి, నలభై లోపు వాళ్లకైతే పట్టికే లేదు. మనలో చాలామందికి జబ్బు ఆ వయసులోనే వస్తోంది కదా. అందువల్ల పట్టికలో ముప్పు తక్కువని చెప్పే ఆకుపచ్చ గడి చూపించి "ఏం లేదు, వెళ్లు" అనడం తప్పు. ఇంకొన్ని అడగాలి. నాన్నకో అన్నకో 55 లోపు, అమ్మకో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చిందా? మూత్రంలో ప్రొటీన్ పోతోందా? కీళ్లవాతం ఉందా? ఆడవాళ్లనైతే కాన్పులో బీపీ పెరిగిందా, అప్పట్లో షుగర్ వచ్చిందా, నెలసరి 40 లోపే ఆగిపోయిందా అని తప్పక అడగండి. గర్భంలో బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు (ప్రీఎక్లాంప్సియా) వచ్చిన స్త్రీకి తర్వాతి కాలంలో గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. కాన్పు అయిపోగానే ఇవన్నీ రాసి ఉన్న గర్భిణి కార్డు ఎక్కడో పడేస్తారు. దాచుకోమనండి.

లైపోప్రొటీన్-ఏ అనే పరీక్ష ఒకటుంది, రక్తంలో ఒక రకం చెడు కొవ్వును కొలుస్తుంది. ఇది పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు. డెసిలీటరు రక్తంలో 50 మిల్లీగ్రాములు దాటినవాళ్లు మనలో సుమారు నలుగురిలో ఒకరు. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. ప్రతి ఏడూ ప్యాకేజీలో కలిపి డబ్బు తీసుకుంటుంటే వద్దని చెప్పండి.

కొలతల దగ్గరికి వద్దాం, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే.

నడుము కొలత: మనకు గీత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. బీఎంఐ 23 దాటితే బరువెక్కువ, 25 దాటితే ఊబకాయం. పాశ్చాత్యుల 25, 30 మనకు పనికిరావు. అదే బీఎంఐ దగ్గర మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ పొట్టలోపల. టేపు పెట్టాల్సింది చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, చొక్కా తీసి, మామూలుగా ఊపిరి వదిలాక. "నా ప్యాంటు 34 అండీ" అంటారు. ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటారు కాబట్టి ఆ 34 లెక్కలోకి రాదు.

బీపీ చూసే ముందు అరగంట కాఫీ, టీ, బీడీ లేవు. మూత్రానికి వెళ్లి రావాలి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆన్చి, కాలు మీద కాలు వేయకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కింద వేలాడితే అంకె పెరుగుతుంది. పట్టీ లోపలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతాన్ని చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. ఇంట్లో చూసుకుంటే హద్దు 135/85, ఆసుపత్రిలో 140/90. కొనేవాళ్లు మణికట్టు మెషిన్ కాకుండా పైచేతికి కట్టేదే కొనండి. పై బీపీ 5 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 10 శాతం తగ్గుతాయని 2021లో పెద్ద విశ్లేషణ చెప్పింది. కాబట్టి 150ని 145 చేసినా దండగ కాదు.

కొలెస్ట్రాల్ కాగితంలో మనవాళ్లు పై వరస చూసి మురిసిపోతారు. ఒక ఉదాహరణ వేసుకుందాం. మొత్తం 180, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 32, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఇంకో రకం కొవ్వు) 240. ల్యాబు వాళ్లు ట్రైగ్లిజరైడ్లను ఐదుతో భాగించి 48 అని, 180 లోంచి 32, 48 తీసేసి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 100 అని రాస్తారు. చూడ్డానికి నయమే. కానీ మొత్తం లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటీ తీసేయండి, 148 వస్తుంది. దాన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళంలో పేరుకునే కొవ్వంతా ఈ అంకెలో ఉంటుంది. మామూలు మనిషికే ఇది 130 లోపు ఉండాలి. హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ అనేది మన దగ్గర బాగా కనిపించే తీరు, ఎల్‌డీఎల్ ఒక్కటే చూస్తే అది దొరకదు. మన దేశపు హృద్రోగ నిపుణుల 2024 మార్గదర్శకాల ప్రకారం ఎల్‌డీఎల్ మామూలు వాళ్లకు 100 లోపు, ముప్పు ఎక్కువున్నవాళ్లకు 70 లోపు, ఒకసారి పోటు వచ్చినవాళ్లకు 55 లోపు. తొలి పరీక్షకు పస్తు అక్కర్లేదు.

తిండి గురించి ఎక్కువ ఉపన్యాసం వద్దు, ఒక్క ఉప్పు చెబుతాను. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే చదునుగా ఒక టీ చెంచా. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు. అంటే కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి, అదీ ఊరగాయ, అప్పడం, వడియాలు, బజారు మిక్చరు లెక్కేయకుండా. ప్యాకెట్ మీద కొన్న తేదీ రాసి పెట్టండి. పొటాషియం కలిపిన ఉప్పు వాడితే పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో చైనా పల్లెల్లో తేలింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా దాన్ని ముట్టకూడదు, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఇంకో మాట. రాగి సంగటి మంచిదే, కానీ అందులో బియ్యం ఎంత, ముద్ద ఎంత అని కూడా చూడాలి. ఊరిబిండి (పల్లీల పచ్చడి), నెయ్యితో పెద్ద ముద్దలు రెండు లాగించి "రాగులే కదా" అంటే షుగర్ ఒప్పుకోదు.

మందుల దగ్గర జరిగే అసలు నష్టం ఆపేయడం. మూడు నెలలు వాడి, బీపీ 128 వచ్చిందని, కొలెస్ట్రాల్ తగ్గిందని ఆపేస్తారు. తగ్గించింది ఆ మాత్రే. ఆపిన కొన్ని వారాల్లో పాత అంకె తిరిగొస్తుంది, ఒంటికి మాత్రం ఏమీ తెలియదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వల్ల ఒళ్లునొప్పులని మానేసేవాళ్లు చాలామంది. 2020లో ఒక ప్రయోగంలో స్టాటిన్ మానేసినవాళ్లకే కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, అసలు మాత్రతో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. అంటే నొప్పి అబద్ధమని కాదు, కారణం చాలాసార్లు మాత్ర కాదని. కండరాలు నిజంగా బలహీనమై మూత్రం కాఫీ రంగులోకి మారితే వెంటనే ఆపి చూపించుకోవాలి. స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే తగ్గుతుంది, దానికంటే ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర 10 మిల్లీగ్రాములు కలిపితే సుమారు 20 శాతం తగ్గుతుంది. బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌తో కాళ్లవాపు వస్తే మార్చుకోవచ్చు, మానేయక్కర్లేదు. జబ్బేమీ లేనివాళ్లు "ముందు జాగ్రత్త" అని రోజూ ఆస్పిరిన్ వేసుకోవద్దు. చాలామందికి దానివల్ల వచ్చే మేలు కంటే రక్తస్రావం ముప్పే ఎక్కువ.

తిరుపతిలో ఉంటూ కొండ గురించి చెప్పకపోతే బాగుండదు. అలిపిరి దారిలో మెట్లు 3,550. మొదటి భాగం, గాలిగోపురం దాకా, నిట్టనిలువు. ఏడాదంతా కూర్చుని ఉన్న మనిషి ఒక్కరోజులో ఇది ఎక్కబోతే గుండె మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి. రెండంతస్తులు ఆగకుండా ఎక్కలేనివాళ్లు, నడిస్తే ఛాతీ బిగుసుకుపోయేవాళ్లు బస్సులో వెళ్లండి, స్వామి ఏమీ అనుకోడు. మొక్కు ఉందంటే ముందు నాలుగైదు వారాలు రోజూ నడిచి అలవాటు చేసుకోండి, ఛాతీలో ఏమున్నా ముందే చూపించుకోండి. ఇంకో పొరపాటు, మాత్రలు సంచిలో పెట్టి సంచి లగేజీ కౌంటరులో ఇచ్చేయడం. క్యూలో గంటలు గడుస్తాయి. మాత్రలు జేబులో ఉండాలి. షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు ఉపవాసంతో అది మింగి ఎక్కితే మధ్యలో షుగర్ పడిపోతుంది.

చివరిగా పోటు వచ్చిన గంట. ఛాతీ మధ్య బరువు, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమట, ఇది అందరికీ తెలిసిన రూపం. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే ఉండొచ్చు. మన ప్రాంతంలో దీనికి పెట్టే పేరు గ్యాస్ ట్రబుల్. సోడా తాగి, మాత్ర మింగి, తెల్లారాక చూద్దాం అంటారు. పావుగంటకు తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. అలర్జీ, రక్తస్రావం లేకపోతే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలి మింగాలి. గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టేయడం మన ఊళ్లలో బాగా అలవాటైంది. బీపీ పడిపోయి ఉన్నా, గుండె కుడివైపు దెబ్బతిన్నా, మగతనం మాత్రలు వేసుకుని ఉన్నా అది ప్రాణం మీదికి తెస్తుంది. బీపీ చూడకుండా వద్దు.

వెళ్లాల్సింది పెద్ద ఆసుపత్రికా, దగ్గరి ఆసుపత్రికా? దూరాన్ని బట్టి. పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. ఈసీజీలో పోటు స్పష్టంగా కనిపించి, రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ (మూసుకున్న రక్తనాళాన్ని బెలూన్‌తో తెరవడం) జరిగే అవకాశం లేకపోతే, దగ్గర్లోనే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ వేయాలి. రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీన్ని ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. తిరుపతిలోనే ఉన్నవాళ్లు స్విమ్స్ ఆసుపత్రికి నేరుగా వెళ్లొచ్చు. కుప్పంలో ఉన్న మనిషిని కారులో వేసుకుని మూడు గంటల పైగా ఇక్కడికి తీసుకొస్తే ఆ మూడు గంటల్లో గుండె కండరం చచ్చిపోతుంది. ఇంజెక్షన్ అక్కడ వేయించి, తర్వాత 24 గంటల లోపల యాంజియోగ్రామ్‌కు (రక్తనాళంలో అడ్డు ఎక్కడుందో చూసే పరీక్షకు) ఇక్కడికి తేవాలి. మెదడులో రక్తస్రావం ఎప్పుడైనా జరిగిందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా అని డాక్టరు అడుగుతారు. దాచకండి.

తెరిచిన రక్తనాళం మళ్లీ మూసుకోకుండా స్టెంటు (చిన్న జాలీ గొట్టం) వేశాక రెండు రక్తం పలచబరిచే మాత్రలు ఇస్తారు, మామూలుగా 6 నుంచి 12 నెలలు. పన్ను పీకించుకోవాలనో, మోకాలి ఆపరేషన్ అనో వాటిని సొంతంగా ఆపితే స్టెంటులోనే గడ్డ కడుతుంది. పన్నుల డాక్టరు ఆపమన్నా, ముందు స్టెంటు వేసిన డాక్టర్ని అడగండి.

ప్రశ్నలు అడగొచ్చు. వెనక బల్ల మీద బీపీ మెషిన్లూ రెండు సైజుల పట్టీలూ ఉన్నాయి. ఇప్పుడే కాఫీ తాగి వచ్చినవాళ్లు అరగంట ఆగి వరుసలో నిలబడండి.